అత్తగారి చోట సోఫా

కొట్టం పక్క ఇంటి నుంచి,
ఎండలు మొదలైన వారం

పిచ్చుకా,

పొద్దున్న నువ్వు ఫోన్ చేసినప్పుడు అంతా బాగుందని చెప్పాను. మీ అన్నయ్య పక్క కుర్చీలోనే కూర్చుని వింటున్నారు, ఇంకేం చెప్పను? ఆయన ఎదుట ఆయన గురించి మాట్లాడటం నా వల్ల కాదు. అందుకే ఈ ఉత్తరం. చదివి నవ్వుకో, కానీ ఆఫీసులో గట్టిగా నవ్వకు.

మన మొదటి అతిథులు వచ్చి వెళ్లారు. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు, పిల్లల నాయనమ్మ. పశువుల కొట్టం అంటే ఎంత బాగుచేసినా వాసన కొడుతుందేమోనని దారంతా భయపడుతూనే వచ్చారట. లోపలికి అడుగుపెట్టి అందరూ నోళ్లు తెరిచారు. నువ్వు గీసింది గీసినట్టే ఉంది మరి. గడ్డి దాచిన అటక మీద పిల్లల పడకలు, పాల క్యాన్లు కడిగిన చోట స్నానాల గది, పశువుల్ని కట్టిన స్తంభాల మధ్య కూర్చునే చోటు, వంట చేసుకునే చోటు. నాయనమ్మ మాత్రం ఊరికే అటూ ఇటూ తిరిగి చూసి, "ఇలాంటి చోటి నుంచే చిన్నప్పుడు మేం టౌనుకి పారిపోయాం. ఇప్పుడు మావాడు ఎదురు డబ్బిచ్చి మరీ తీసుకొచ్చాడు" అంది. ఆవిడ నాకు భలే నచ్చింది.

వాళ్లు విశ్రాంతికని వచ్చారు, నాకేమో విశ్రాంతి పోయింది. దుప్పట్లు చాలాయో లేదో, నీళ్లు వేడిగా వస్తున్నాయో లేదో, పిల్లవాడు అటక మెట్ల మీద దూకుతున్నాడేమో. వాళ్ల దీపం ఆరితే గానీ నాకు కాలు నిలిచేది కాదు. వాళ్లు వెళ్లినా ఆ కంగారు పోలేదు, ఈ నాలుగు ముక్కలు రాయడానికే ఎన్నిసార్లు లేచానో.

ఇక మీ అన్నయ్య. పశువుల్ని అమ్మి ఏడాది దాటింది గానీ, ఆయన ఒంటికి ఆ కబురు ఇంకా అందలేదు. మోకాళ్లు మొరాయించాక, పాల లారీ మన దారికి రావడం మానేశాక, అమ్మేద్దాం అన్నది ఆయనే. తాళ్లు విప్పి బండెక్కించింది కూడా ఆయనే, కళ్లు తడి కాకుండా. కానీ ఇప్పటికీ కోడి కూయకముందే, పాలు పితికే వేళకే మెలకువ వచ్చేస్తుంది. లేచి ఏం చేయాలో తెలియక వాకిట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతారు.

అతిథులు అనుకున్నదానికన్నా ముందే వెళ్లిపోయారు. వాన పట్టుకుంది. వానకి ఎవరేం చేస్తారు?

నీ వదిన


టౌను, మూడో అంతస్తు గది,
ఆఫీసు నుంచి వచ్చిన సాయంత్రం

వదినా,

వాన అన్నావు. ఆ వారమంతా చినుకు రాలలేదని ఆ పిల్లల తల్లి నాకు రాసింది.

ఆవిడ రాసింది ఉన్నదున్నట్టు చెప్తాను విను. ఇల్లు బాగుంది, గాలి బాగుంది, వదిన గారు పెట్టిన రొట్టె ఇంకా బాగుంది. తెల్లవారుజామున చిన్నవాడికి పాలు వెచ్చబెడదామని కిందికి దిగితే మాత్రం, ఒక పెద్దమనిషి బకెట్ పట్టుకుని మధ్యలో నిలబడి ఉన్నాడు. ఎవరండీ మీరు అంటే, సోఫా వైపు చూపించి, అది అత్తగారి చోటు అన్నాడు. వాళ్ల అత్తగారు పైన నిద్రపోతోంది. ఈ మనిషికీ మా అమ్మకీ పాత పరిచయమేమన్నా ఉందా అని వాళ్లాయన టౌను చేరేదాకా ఆలోచిస్తూనే ఉన్నాడట.

ముందు పడీ పడీ నవ్వాను. అత్తగారంటే మన ఆవే కదా, గడ్డి అందరికంటే ముందు తనకే పడాలని పక్కవాటిని కుమ్మేది. ఆ పేరు పెట్టింది నువ్వే, అదీ మా అమ్మ బతికుండగానే. అమ్మకి తెలిసి కూడా దానికి నాలుగు పరకలు ఎక్కువే వేసేది.

తర్వాత నవ్వు రాలేదు. వదినా, ఆడపడుచు అర్ధమొగుడంటారు, నా దగ్గరే దాస్తే ఎలా? నీకు ఒక సంగతి చెప్పాలి. ఈ ఆఫీసులో చేరినప్పటి నుంచీ పెద్దవాళ్లు గీసిన ఇళ్లకి నేను అలమరలు గీస్తూ, మెట్లకి కొలతలు వేస్తూ వచ్చాను. మొదటి నుంచి చివరి దాకా నాది అనుకోగలిగింది మన కొట్టం ఒక్కటే. రాత్రి పడుకునే ముందు దాని ఫొటోలు తీసి చూసుకుంటాను, నవ్వకు. వేసవంతా నిండిపోయింది, వారానికొక కుటుంబం వస్తుంది. పొద్దున్నే ఎవరో మనిషి ఇంట్లోకి వస్తాడని ఇంకో ఇద్దరు రాస్తే ఇక ఎవరూ రారు.

అన్నయ్య ఆ ఒక్కసారే వెళ్లాడా, రోజూ వెళ్తున్నాడా? నిజం రాయి.

నీ పిచ్చుక


కొట్టం పక్క ఇంటి నుంచి

పిచ్చుకా,

రోజూ.

చినుకు రాలలేదని నువ్వు రాసింది చదవగానే నేను భుజాలు తడుముకున్నాను. ఇక దాచి లాభం లేదు.

చప్పుడు కాకుండా లేస్తారు. మేకుకి తగిలించిన బకెట్ తీసుకుంటారు. బకెట్ ఎందుకండీ అని ఒకసారి అడిగితే, ఉత్త చేతులతో ఎలా వెళ్తాను అన్నారు. కొట్టం తలుపు గడియ ఆయన చేత్తో చేసిందే, బయటి నుంచి ఎలా ఎత్తాలో ఆయన వేళ్లకి తెలుసు. లోపలికి వెళ్లి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకసారి నడిచి వచ్చేస్తారు. వచ్చి టీ తాగి, ఇక మామూలు మనిషి. పగలు చూస్తే ఆయనంత నిమ్మళమైన మనిషి లేరు. నువ్వు బిగించిన కొళాయి కారుతుంటే అతిథులకి తెలియకుండా బాగుచేసింది కూడా ఆయనే.

కొట్టం ఖాళీగా ఉన్న రోజుల్లో ఆయన వెళ్తే నాకేం బాధ లేదు. మనుషులున్న రోజుల్లోనే నా ప్రాణం మీదికి వస్తుంది. ఆయన కంటే ముందు లేచి తలుపు దగ్గర నిలబడతాను. "ఇక్కడ ఎవరో పడుకున్నారండీ" అంటే, తప్పు చేసిన చిన్నపిల్లవాడిలా తల వంచుకుని వెనక్కి తిరుగుతారు. ఆ తిరగడం నేను చూడలేను. ఎప్పుడైనా నాకు కన్ను మూతపడిందా, నీకు అతిథుల నుంచి ఉత్తరం వస్తుంది. ఒకప్పుడు దొంగలు పడతారని పశువులకి కాపలా కాశాం, ఇప్పుడు మొగుడికి కాపలా కాస్తున్నాను.

నా భయం నీకు కాక ఎవరికి చెప్పను? మతి తప్పుతోందేమో. ఆ వేళప్పుడు ఆయన ఎక్కడున్నారో నాకు తెలియదు, పక్కనే ఉన్నా చేతికి అందరు. ఈ ముక్క నలుగురి నోళ్లలో పడితే పిచ్చివాడనేస్తారు. ఆ మాట ఆయన చెవిన పడిందంటే మనిషి ఇక లేవరు. నీ కొట్టం పోతే మళ్లీ గీసుకుంటావు. ఆయన్ని మళ్లీ ఎవరు గీస్తారు?

పొయ్యి మీద ఏదో మాడుతోంది. ఉంటాను.

వదిన


టౌను, ఆఫీసు బల్ల దగ్గర

వదినా,

నీ ఉత్తరం చదివాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అందుకే ఆడించే పని పెట్టుకున్నాను.

తాళం పంపుతున్నాను. కొత్తరకం, గడియ ఎత్తితే రాదు, దాని తాళంచెవి ఉంటేనే తెరుచుకుంటుంది. నాకు తెలిసిన పనివాడు వచ్చి బిగిస్తాడు. ఒక చెవి అతిథులకి, ఒకటి నీకు. అన్నయ్య చేతికి ఇవ్వొద్దు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, బతిమాలో బెదిరించో. నేను ఫోన్ చేసి మాట్లాడి పెట్టాను.

ఇంకో మాట. మీరిద్దరూ వచ్చి నా దగ్గర ఉండిపోండి. గది చిన్నదే, సర్దుకుందాం. కొట్టం చూసుకోవడానికి అక్కడ ఎవరినైనా పెడదాం. తలుపు కనపడకపోతే ఆ వేళకి లేవడం కూడా పోతుంది. కటువుగా మాట్లాడుతున్నానని అనుకోకు. ఎవరో ఒకరు గట్టిగా ఉండాలి కదా, నువ్వు ఉండలేవు.

వచ్చే వారం వాళ్లకి ముగ్గురు పిల్లలు. అటక మీద ఇంకో పరుపు వెయ్యి.

పిచ్చుక


కొట్టం పక్క ఇంటి నుంచి

ఆడపడుచు గారికి,

మీరు పంపిన తాళం అందింది. మీరు పంపిన పనివాడు వచ్చి, మీ అన్నయ్య గారు చేసిన గడియ ఊడదీసి, దాన్ని బిగించి వెళ్లాడు. మీరు చెప్పిన డాక్టరు దగ్గరికీ వెళ్లి వచ్చాం.

డాక్టరు ఏ నెల అని అడిగాడు, ఏ వారం అని అడిగాడు, అంకెలు వెనక నుంచి చెప్పమన్నాడు. మీ అన్నయ్య అన్నీ చెప్పి, "బాబూ, నీ గోడకి చెమ్మ ఎక్కుతోంది, బయట గొట్టం పగిలినట్టుంది చూసుకో" అని కూడా చెప్పి వచ్చారు. మతికి ఏ లోటూ లేదట. ఇన్నేళ్లు ఒకే వేళకి ఒకే పని చేసిన ఒళ్లు, మనసు వద్దన్నా దాని దారిన అది వెళ్తుందట. మందు రాయలేదు. మీరు సంతోషిస్తారని రాస్తున్నాను.

తాళం కూడా బాగా పనిచేసింది. ఆ తెల్లవారుజామున నేను లేవలేదు. తాళం ఉందిగా అని, ఎన్ని వారాల తర్వాతో ఒళ్లు తెలియకుండా పడుకున్నాను. ఆయన వెళ్లారు. గడియ లేదు. తలుపు మీద చెయ్యి ఆనించి అలాగే నిలబడ్డారట, ఎంతసేపో ఆయనకే తెలియదు. లోపలాయనకి ఏదో చప్పుడైంది. ముగ్గురు పిల్లలున్న మనిషి, ఎవరో తలుపు తోస్తున్నారనుకున్నాడు. ఒక్కసారి తలుపు తీసి ఎదురుగా ఉన్నవాణ్ణి తోసేశాడు.

రాతి మెట్టు మీద పడ్డారు పిచ్చుకా. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు కట్టారు.

పడేసినాయన ఏడ్చాడు. క్షమించమని కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మీ అన్నయ్య ఏమన్నారో తెలుసా? "మీరున్నన్నాళ్లూ ఇది మీ ఇల్లు. పరాయివాడు తలుపు దగ్గరికి వస్తే తొయ్యరా మరి?" అన్నారు. పరాయివాడు. ఆ మాట ఆయన నోటితో ఆయనే అన్నారు.

ఆ రోజు నుంచి వేళకి లేస్తున్నారు గానీ, వాకిలి దాటడం లేదు. మంచం పట్టె మీద కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, తెల్లవారేదాకా అలాగే ఉంటారు. నాకు కాపలా పని తప్పింది. నువ్వు కోరుకున్నది ఇదే అయితే జరిగింది.

తాళం వేసింది నేనే, నాకు తెలుసు. కోపం మాత్రం నీ మీదే వస్తోంది. నువ్వు గీసిన పడకల మీద ఒక్కసారైనా నువ్వు పడుకున్నావా? వచ్చి పడుకుని చూడు.

వదిన


టౌను, గదికి వచ్చి చెప్పులైనా విప్పకముందు

వదినా,

నీ ఎదుట చెప్పలేకపోయాను. బస్సులో కూర్చున్నంతసేపూ ఈ ఉత్తరమే మనసులో రాసుకుంటూ వచ్చాను. కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడలేదు.

వారం మధ్యలో, ఒకళ్లు వెళ్లి ఇంకొకళ్లు రాకముందు, కొట్టం ఖాళీగా ఉన్న పూట పడుకోమన్నావు కదా. అటక మీద పడుకున్నాను. తలుపుకి తాళం వేయలేదు. అన్నయ్యతో సాయంత్రం ఒక్కమాట అన్నాను, "తలుపు తీసే ఉంచుతా" అని. తల ఊపాడు, అంతే.

తెల్లవారుజామున వచ్చాడు. మెట్ల మధ్యలో నేను కూర్చుని ఉన్నాను, నన్ను చూడలేదు. మసక వెలుతురు. కట్టు లేని చేత్తో బకెట్. లోపలికి రాగానే బకెట్ కింద పెట్టి, నడవడం మొదలుపెట్టాడు. వదినా, దేనికీ తగలలేదు. నేను పెట్టిన బల్లలు, కుర్చీలు, దీపం స్తంభం, దేనికీ. సోఫా దగ్గరికి వచ్చాక, పశువు వెనక నుంచి వెళ్లేటప్పుడు అది బెదరకుండా అరచెయ్యి ఆనించి జరుగుతామే, అచ్చం అలా సోఫా వీపు మీద చెయ్యి ఆనించి చుట్టూ తిరిగాడు. ఒక్కో స్తంభం దగ్గర ఆగి, తాకి, మెల్లగా పిలిచాడు. ఎర్రది. మొండిది. మచ్చల్ది. అత్తగారు.

నేను గీసేటప్పుడు ఆ స్తంభాల కొలతలన్నీ తీశాను. ఎత్తు, చుట్టుకొలత, మధ్య దూరం. ఏ స్తంభం ఎవరిదో ఒక్కసారీ అడగలేదు.

చివరి స్తంభం దగ్గర తల తిప్పి నన్ను చూశాడు. నేను దొంగలా దొరికిపోయాను, ఆయన కాదు. కిందికి దిగి పక్కన నిలబడ్డాను. తనే చెప్పాడు.

"అవి లేవని నాకు తెలుసే పిచ్చుకా. నాకేం మతి పోలేదు. ఇక్కడికి రాకపోతే నాకు తెల్లవారదు."

ఏడ్చాను. ఆయన భుజం మీద కాదు, సోఫాలో కూర్చుని ఏడ్చాను. లే, అక్కడ కూర్చుంటే అత్తగారు ఊరుకోదు అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను.

నీ కోపం న్యాయమే. నేను ఆయన చోటు తీసుకుని అందంగా చేసి, ఆయన్నే బయట నిలబెట్టాను. రేపటి నుంచి అతిథులకి ఒక్కొక్కరికీ రాస్తాను, ఈ వేసవికి ఇక వీలుకాదని. మా ఆఫీసు పెద్దాయన కొట్టం చూడటానికి వస్తానన్నాడు, ఆయనకీ రావొద్దని చెప్తాను. అది ఖాళీగా ఉండనీ. అన్నయ్య తిరగనీ. నాకు ఇల్లు గీసే అవకాశం ఇంకోటి రాకపోదు, రాకపోయినా ఫరవాలేదు.

అబద్ధం. ఫరవా ఉంది. అయినా రాస్తాను.

నీ పిచ్చుక


కొట్టం నుంచి

పిచ్చుకా,

రాయకు. ఒక్కరికీ రాయకు.

పైన ఎక్కడి నుంచి అని రాశానో చూశావా? పక్క ఇంటి నుంచి కాదు.

నీ ఉత్తరం మడిచి పెట్టి లేచాను, ఇక కూర్చోలేకపోయాను. ఆ పూటే మొదలుపెట్టాను. ముందు మా బట్టలు, తర్వాత పరుపులు, ఆయన మందులు, నా అద్దం. మీ అన్నయ్య ఒంటి చేత్తో అడ్డం వస్తారు, ఏంటిది ఏంటిదని. ఆయన తిరగడానికి మాత్రమే కొట్టాన్ని ఖాళీ పెడతానన్నావు నువ్వు. ఎందుకు ఖాళీగా ఉండాలి, ఉండేవాళ్లు మేం ఉండగా? మనుషులు సెలవులకి పల్లెకి వస్తారు, వాళ్లకి ఒక ఇల్లు కావాలి, అంతే కదా. ఇల్లుంది. మా ఇల్లే ఉంది.

ఆయన మొదట ఒప్పుకోలేదు. "నువ్వు అడుగుపెట్టిన ఇల్లు ఎవరికో ఇవ్వడమేంటి" అన్నారు. మీరు ఎక్కడుంటే అదే నా ఇల్లు అన్నాను. సినిమాలో మాటలా ఉందని నాకే నవ్వొచ్చింది, కానీ ఆ పూట మనసారా అన్నాను.

వంటగది సర్దడమే కష్టమైంది. డబ్బాలన్నీ అక్కడే వదిలేశాను, కొత్తవాళ్లకి ఉప్పూ పప్పూ ఎక్కడని వెతుక్కునే బాధ ఎందుకని. మీ అమ్మ ఆ పొయ్యి ఎడమ వైపు ఎప్పుడూ మంట తక్కువ అని చెప్పి నాకు అప్పగించింది. నేను కొత్తవాళ్లకి అదే చెప్పి అప్పగించాను. మన ఇంట్లో పిల్లలు లేరు, ఆ మాట చెప్పి అప్పగించడానికి ఇంకెవరూ లేరు కదా అనిపించింది. అనిపించి పోయింది.

కొట్టం కోసం వస్తే ఇల్లెందుకు ఇస్తున్నారని ఇవాళ దిగిన పిల్లల తల్లి అడిగింది. ఉన్నమాట చెప్పాను, కొట్టంలో దాని యజమాని ఉన్నాడు, ఖాళీ చేయడు అని. ఆవిడ నా ముఖం చూసి సంచులు ఇంట్లోకి తీసుకెళ్లింది. పగలంతా మాత్రం పిల్లలు ఇక్కడే ఉన్నారు. మీ అన్నయ్య ఏ స్తంభం ఎవరిదో చూపించారు. అంతే, ఎవరు అత్తగారు అవ్వాలని పిల్లలిద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు.

ఆయన మోకాళ్లతో అటక ఎక్కలేరు. అందుకని సోఫా గోడ వైపు జరిపించి, ఆ చోట మంచం వేయించాను. అత్తగారి చోటే. రాత్రి వచ్చి కుమ్మితే మాత్రం నాకు సంబంధం లేదు.

ఈ రాత్రి మొదటిసారి ఇక్కడ పడుకుంటాం. నాకు కొత్త కాపురానికి వచ్చినట్టుంది.

నీ వదిన


టౌను, మూడో అంతస్తు గది

వదినా,

నీ ఉత్తరం అందేసరికే ఇద్దరికి రాసి పెట్టాను, పోస్ట్ చేయలేదు. చింపేశాను.

నిన్ను తిట్టాలో మొక్కాలో తెలియడం లేదు. మా పెద్దాయనకి సంగతి చెబితే, "కొట్టాన్ని ఇల్లు చేసి నువ్వు గీశావు, దాన్ని ఇల్లు చేసింది మీ వదిన" అన్నాడు. చూడటానికి వస్తాడట. మంచం తీయించకు, ఆయన దుప్పటి మడతలు కూడా చూస్తాడు.

మీ ఇంట్లో దిగినావిడ నాకు రాసింది. వంటగది గురించే పేజీ నిండా రాసింది. అన్నీ చేతికి అందే చోట ఉన్నాయట, ఎవరో జీవితాంతం వండుకున్న చోటని కళ్లు మూసుకున్నా తెలుస్తోందట. వచ్చే ఏడాది కూడా అదే కావాలట.

అన్నయ్య లేచాడా, వెళ్లాడా, ఏం చేశాడు? ముందు అది రాయి. తర్వాత నీ సంగతి రాయి. ఎప్పుడూ ఉత్తరం నిండా ఆయనే ఉంటాడు, అడుగున సంతకంలోనే నువ్వుంటావు. నువ్వెలా ఉన్నావు వదినా?

నీ పిచ్చుక


కొట్టం నుంచి,
ఎండలు తగ్గిన వారం

పిచ్చుకా,

ముందు మీ అన్నయ్య.

మొదటి తెల్లవారుజామున వేళ తప్పకుండా లేచారు. నేను నిద్రపోతున్నట్టే పడుకుని రెప్పల సందులోంచి చూశాను. మంచం దిగబోయి, కాలు నేలకి ఆనించి ఆగారు. చెయ్యి చాచారు. స్తంభం తగిలింది. అలాగే చెయ్యి ఆనించి కాసేపు కూర్చున్నారు. వెళ్లాల్సిన చోటు ఎక్కడని వెతుక్కున్నట్టున్నారు, అక్కడే ఉన్నారు కదా మరి. "తెల్లవారిందా?" అని అడిగారు. ఇంకా లేదు, పడుకోండి అన్నాను. పడుకున్నారు.

ఎండ పై కిటికీలోంచి దిగి ముఖం మీద పడే దాకా నిద్రపోయారు. నేను పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆయన ముఖం మీద ఎండ పడగా నిద్రలో చూడటం అదే మొదలు. నిద్రలో నోరు కొంచెం తెరుస్తారని నాకు తెలియనే తెలియదు. పక్కన కూర్చుని అలా చూస్తూనే ఉన్నాను, చంటిపిల్లవాడి పక్కన కూర్చున్నట్టు. తర్వాత రోజూ అంతే. ఒక్కోరోజు లేవను కూడా లేవడం లేదు. చెయ్యి అతుకుతోంది, కట్టు విప్పారు.

ఇక నేనెలా ఉన్నానని అడిగావు. ఎవరూ అడగరు, అందుకని జవాబు సిద్ధంగా లేదు. ఇవాళ జరిగింది రాస్తాను, అదే జవాబనుకో.

ఇవాళ తెల్లవారుతూ ఉండగా నాకు చల్లగాలి తగిలి తెలివి వచ్చింది. చూస్తే వాకిలి దాటి ఇంటి వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. చేతిలో అగ్గిపెట్టె. ఎప్పుడు లేచానో, ఎప్పుడు చెప్పులు వేసుకున్నానో తెలియదు. పొయ్యి వెలిగించి టీకి నీళ్లు పెట్టే వేళ అది. గడియ మీద చెయ్యి పడి ఉంది.

లోపల కొత్తగా దిగిన పిల్లల తల్లి అప్పటికే లేచింది. డబ్బాల మూతలు తీస్తోంది. శబ్దం వింటే ఏ డబ్బానో చెప్పగలను పిచ్చుకా. పంచదార కోసం మూడు మూతలు తీసింది, అది పొయ్యి పక్కనే ఉంది, నేనైతే చూడకుండా అందుకుంటాను. నా చెయ్యి గాల్లో అటువైపు కదిలింది కూడా. నా ఇల్లు నాకు కావాలని అంత గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు, ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ అనిపించలేదు. తలుపు తీస్తే ఆవిడ ఎవరండీ మీరు అంటుంది. ఏం చెప్పను?

గడియ తీయలేదు. వెనక్కి వచ్చేశాను. తల వంచుకునే వచ్చాను, ఎవరూ చూడకపోయినా.

రేపు కూడా వెళ్తానేమో, నాకు తెలియదు. వెళ్లకుండా చూడమని నిన్ను అడగడం లేదు. తాళం పంపకు. డాక్టరుకి ఫోన్ చేయకు. ఇంటి దగ్గరికి వెళ్లి నిలబడి వస్తాను, ఎవరినీ లేపను, అంతే.

ఈ సంగతి మీ అన్నయ్యకి మాత్రం చెప్పకు. తెలిస్తే సామానంతా మళ్లీ ఆ ఇంటికి మోయిస్తారు. పాపం, ఇన్నేళ్లకి మనిషి నిద్రపోతున్నారు.

నీ వదిన